నారుమడి, నాట్లు: జెనిఫర్ రోచా పిచింగ్ శిక్షణపై ఒక కేస్ స్టడీ

2025 జూన్ 6న అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్ ఫైనల్ మూడో ఆటలో, మొదటి ఇన్నింగ్స్‌లోనే అయిదు పరుగులు ఇచ్చి టెక్సస్ టెక్ కాలేజీ పిచర్ (బంతి విసిరే అమ్మాయి) నిజారీ కెనడీ తప్పుకుంది. ఓక్లహోమా సిటీలో జరిగిన ఆ చివరి ఎనిమిది జట్ల పోటీలో అప్పటిదాకా ఆ జట్టు వేసిన ప్రతి బంతీ ఆమె చేతి నుంచి వచ్చిందే. టీవీలో ఆట ఇంకా నడుస్తుండగానే నా ఫోను మోగింది.

"మేడమ్, ఒక పిల్ల చేతిని ఇంతలా అరగదీస్తారా? చెప్పేవాళ్లు ఉండరా?" అన్నారు అవతల ఒక తండ్రి.

మర్నాడు ఆయన కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. వచ్చీ రాగానే అలవాటుగా బకెట్ మీద కూర్చున్నారు. ఇక్కడ అమెరికాలో ఆడపిల్లకు పిచింగ్ నేర్పించే ప్రతి తండ్రికీ ఒక బకెట్ ఉంటుంది. అందులో బంతులు తెస్తారు, మూత పెట్టి దాని మీదే కూర్చుని కూతురు విసిరే బంతులు పడతారు. ఈయన తొమ్మిదేళ్లు పట్టారు. డాలస్ శివారులో ఉంటున్న తెలుగు కుటుంబం. అమ్మాయి ఒక చిన్న కాలేజీలో నాలుగేళ్లు పిచర్‌గా ఆడింది, డిగ్రీ చేతికి వచ్చింది. ఇప్పుడు ఇంకో కాలేజీ వాళ్లు మాస్టర్స్ చదువుకుంటూ పిచింగ్ శిక్షణలో సాయపడే చోటు ఇస్తామన్నారు. ఫీజు మాఫీ, చేతికి వచ్చేది నామమాత్రం.

"పిచింగ్ కోచ్ అంటే ఉద్యోగమా మేడమ్, వ్యాపకమా?" అని అడిగారు. కూతురు నేల చూపులు చూస్తోంది.

రెండు వారాలు గడువు అడిగాను. ఆ ఇద్దరి కోసం రాసుకున్న నోట్సును కొంత పెంచి రాసినదే ఇది. నా గురించి ఒక్క మాట: ఉస్మానియా తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను, పై చదువుకు ఇక్కడికి వచ్చాను, ఒక చిన్న కాలేజీలో రెండు సీజన్లు జీతం లేని కోచ్‌గా పనిచేశాను, తర్వాత పదకొండేళ్లుగా సొంతంగా పిల్లలకు పిచింగ్ నేర్పుతున్నాను. ఈ కేసుకు ఎంచుకున్న కాలేజీ పిచింగ్ కోచ్ జెనిఫర్ రోచాతో నాకు పరిచయం లేదు. ఆమె కెరీర్‌ను అందరికీ తెలిసిన వివరాల నుంచే చదివాను, చదివిన పద్ధతి మాత్రం నా పనిలోంచి వచ్చింది.

ఈ కేసే ఎందుకు

కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో హెడ్ కోచ్‌ల పేర్లు అభిమానులకు నోటికి వస్తాయి. ఓక్లహోమా అంటే ప్యాటీ గాసో, ఫ్లోరిడా అంటే టిమ్ వాల్టన్. ఈ రెండు జట్లూ గెలిచిన టైటిళ్లలో ఆరింటికి పిచర్లను సిద్ధం చేసిన మనిషి ఒక్కరే: 2014, 2015లో ఫ్లోరిడాకు, 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగేళ్లు ఓక్లహోమాకు జెనిఫర్ రోచా. ఆమె ఓక్లహోమాలోనే చదువుకుని గాసో దగ్గర ఆడారు. వాల్టన్ కూడా ఒకప్పుడు గాసో దగ్గర సహాయకుడే. అంటే ఇది ఒకే వంటింటి రుచి రెండు ఇళ్లకు వెళ్లిన కథ. ఈ విజయాలన్నీ ఆమెకు హెడ్ కోచ్‌గా కాక, పక్కన నిలబడే కోచ్‌గానే వచ్చాయి. ఆ తండ్రి ప్రశ్నకు ఇంతకంటే సూటైన కేసు దొరకదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆమె కెరీర్ సరిగ్గా ఒక మార్పు మీదుగా నడిచింది. ఫ్లోరిడాలో ఉన్నప్పుడు పిచర్ పద్దెనిమిదేళ్లకు వచ్చి నాలుగేళ్లు ఉండేది. అది నారుమడి లెక్క: విత్తనం చల్లి, నీళ్లు కట్టి, ఎదిగేదాకా ఆగడం. 2018 అక్టోబరులో ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, తర్వాతి ఏళ్లలో ఆంక్షలు సడలాయి. ఇప్పుడు ఎదిగిన మొక్క వేరే మడిలోంచి వస్తుంది. వేళ్లకు పాత మట్టి అంటుకునే ఉంటుంది. తొమ్మిది నెలల్లో పంట చూపించాలి. రెండు కాలాల్లోనూ నెగ్గిన పిచింగ్ కోచ్‌లు తక్కువ.

పని ఎక్కడ మొదలవుతుంది

ఆట తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. పిచర్ నిలబడే పలక నుంచి బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్ 43 అడుగులు. పిచర్ పెద్ద అంగతో ముందుకు దూకి విసురుతుంది కాబట్టి బంతి చేయి విడిచేది దాదాపు 37 అడుగుల దూరంలోంచి. గంటకు 65 మైళ్ల వేగమంటే బ్యాటర్ దగ్గర ఉన్న సమయం 0.39 సెకను. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న పసుపు బంతి. చేయి గాలిమరలా పూర్తి వృత్తం తిరిగి, తుంటి పక్కనుంచి బంతిని వదులుతుంది. ఆ క్షణంలో ముంజేయి తుంటికి రాసుకుంటూ పోవాలి. నా శిష్యురాళ్లను ఆట అయ్యాక ఒకే మాట అడుగుతాను: "తుంటి మీద గుడ్డ నలిగిందా?"

ఈ ఆటలో కోచ్‌లు రెండు వర్గాలు. బంతి వదిలాక మోచేయిని ముఖం దాకా ఎత్తి ముగించమనేది పాత వర్గం. పిల్లలకు దాని పేరు 'హలో ఎల్బో'. ముంజేయి సహజంగా లోపలికి తిరిగి శరీరానికి అడ్డంగా ముగియాలనేది రెండో వర్గం. నిదాన వీడియోలో చూస్తే, నోటితో పాత పాఠం చెప్పే పెద్ద పిచర్లు కూడా చేత్తో రెండోదే చేస్తారు. నేను మొహమాటం లేకుండా రెండో వర్గం. ప్లేట్‌కు పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు మాత్రమే ఆడించే అభ్యాసాన్ని పిల్లలతో చేయించి గంటకు డబ్బు తీసుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేగం మణికట్టులో పుట్టదు. ముందు కాలు నేలను తన్ని ఆగినప్పుడు నడుం మీదుగా చేతికి పాకుతుంది.

కింది నుంచి విసిరే చేతికి నొప్పి రాదన్నది ఇంకో పాత నమ్మకం. బేస్‌బాల్ పిచర్‌కు బంతుల లెక్క, విశ్రాంతి రోజుల లెక్క ఉంటాయి. సాఫ్ట్‌బాల్ పిచర్‌ను శుక్రవారం, శనివారం, ఆదివారం వరుసగా వేయిస్తారు. పైనుంచి విసిరే చేయి మీద పడేంత లాగుడే భుజం మీద ఈ విసురులోనూ పడుతుందని, బైసెప్స్ కండరం ఇందులో ఇంకా గట్టిగా పనిచేస్తుందని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు. ఈ మాట కోచ్‌ల చెవికెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

దానికి ఉదాహరణ 2007. ఆ ఏడాది కాలేజీ ప్రపంచ సిరీస్‌లో (మొదట చెప్పిన చివరి ఎనిమిది జట్ల పోటీ పేరు అదే) అరిజోనా పిచర్ టారిన్ మోవాట్ ఎనిమిది ఆటల్లో 60 ఇన్నింగ్స్, 1,035 బంతులు వేసి జట్టును గెలిపించింది. ఫైనల్లో ఓడిన టెనెసీ పిచర్ మోనికా అబాట్ కెరీర్‌లో 2,440 మందిని స్ట్రైకవుట్ (బంతిని కొట్టనివ్వకుండానే ఔట్) చేసింది, కాలేజీ ఆటలో అది నేటికీ రికార్డు. ఒక జట్టుకు ఒక చేయి. అప్పట్లో అందరూ దాన్ని వీరగాథగానే చెప్పుకున్నారు, నేనూ చెప్పుకున్నాను.

ఫ్లోరిడా సంవత్సరాలు

రోచా ఫ్లోరిడాలో పుష్కర కాలం దాకా పనిచేశారు, 2018 సీజన్ తర్వాత వదిలారు. ఆ ఏళ్లలో ఆమె చేతి కింద ఎదిగిన వాళ్లలో స్టేసీ నెల్సన్, హానా రోజర్స్, లారెన్ హేగర్, కెల్లీ బార్న్‌హిల్ ఉన్నారు. నెల్సన్ కాలం ఇంకా ఒక జట్టు, ఒక చేయి కాలమే. 2008లో ఫ్లోరిడా 70 ఆటలు గెలిచింది.

నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి ఘట్టం. రోజర్స్ 2011లో చేరింది, హేగర్ 2012లో. మూడు సీజన్లు ఇద్దరూ ఒకే సర్కిల్‌ను, అంటే పిచర్ నిలబడే వలయాన్ని, పంచుకున్నారు. 2014 ఫైనల్లో అలబామాను ఓడించినప్పుడు అత్యుత్తమ క్రీడాకారిణి రోజర్స్. ఆమె చదువు ముగించి వెళ్లాక 2015లో బరువంతా హేగర్ మీద పడింది, అదే బహుమతి ఈసారి హేగర్‌కు వచ్చింది. హేగర్ బ్యాట్‌తోనూ చెలరేగేది. కెరీర్‌లో కనీసం 70 హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే షాట్లు) కొట్టి, పిచర్‌గా కనీసం 70 ఆటలు గెలిచింది. అమెరికాలో ఆ రెండూ చేసినవాళ్లలో ఆమెకు ముందు చెప్పుకునే పేరు బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్.

హేగర్ కథను చాలామంది ప్రతిభ కథగా చెబుతారు. నేను ఓపిక కథగా చదువుతాను. అంత బలమైన చేయి మూడేళ్లు సగం బరువు మోసి, నాలుగో ఏడు నిండు బరువు మోసింది. మొదటి ఏడే ఆమెను ప్రతి ఆటలోనూ సర్కిల్‌లోకి పంపి ఉంటే నాలుగో ఏటికి ఆ భుజం ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. పంపాలన్న ఒత్తిడి మాత్రం ప్రతి కాలేజీలోనూ ఉంటుంది. అభిమానులకు తెలిసినది ఒకటే: బాగా వేసేదాన్ని వేయించు.

2016, 2017ల్లో అది ఇంకా స్పష్టం. బార్న్‌హిల్, డెలనీ గోర్లీ, అలీషియా ఒకాసియో, ముగ్గురూ వేరే ఏ కాలేజీలోనైనా మొదటి పిచర్ కాగల వాళ్లే. 2017 ఫైనల్ మొదటి ఆట 17 ఇన్నింగ్స్ నడిచింది, ఓక్లహోమా 7-5తో గెలిచింది. మామూలు ఆట ఏడు ఇన్నింగ్సే. ఆ రాత్రి ఫ్లోరిడా డగౌట్‌లో ఉన్న రోచా ఏడాదిన్నర తిరగకుండా ఎదుటి డగౌట్‌కు మారారు.

ఓక్లహోమా సంవత్సరాలు

రోచాతో పాటే అదే సీజన్‌కు ఓక్లహోమాకు ఇంకో కొత్త మనిషి వచ్చింది: అరిజోనా స్టేట్ నుంచి ఎడమచేతి పిచర్ జిసెల్ వారెజ్. మొదటి నాటు అదే. 2019లో ఇద్దరూ ఫైనల్ దాకా వెళ్లి యూసీఎల్ఏ చేతిలో ఓడారు. 2020లో వారెజ్ విసిరే చేతి బైసెప్స్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఆ సీజన్‌ను కరోనా ఎలాగూ మింగేసింది. 2021 వసంతంలో ఆమె మెల్లగా తిరిగి వచ్చింది.

ఆ ఏడాది ప్రపంచ సిరీస్ మొదటి ఆటలోనే ఓక్లహోమా జేమ్స్ మాడిసన్ చేతిలో ఓడింది. ఇంకొక్క ఓటమితో ఇంటికే అన్న దారిలోంచి తిరిగి వచ్చి, ఫ్లోరిడా స్టేట్‌తో ఫైనల్ మూడో ఆట దాకా చేరింది. ఆ చివరి ఆటను వారెజ్ మొదటి నుంచి చివరి దాకా ఒక్కతే వేసి గెలిపించింది, అత్యుత్తమ క్రీడాకారిణి అయింది. బైసెప్స్ కోసిన చేతితో సీజన్ చివరి వారంలో అలా వేయాలంటే, ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ చేతిని ఎవరో దాచిపెట్టి ఉండాలి. షానన్ సైల్, నికోల్ మే లాంటి వాళ్లు ఆ సీజన్ బరువు పంచుకున్నారు. నేనైతే ఈ కేసు మొత్తంలో దీన్నే ముఖ్య ఘట్టంగా గుర్తిస్తాను. స్కోరు కార్డులో ఎక్కడా కనిపించని పని ఇది: ఎవరు ఎప్పుడు వేయకూడదో నిర్ణయించడం.

ఆ తర్వాత నాట్లు వరుసగా పడ్డాయి. 2022కు నార్త్ టెక్సస్ నుంచి హోప్ ట్రాట్‌వైన్ వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక ఆటలో ఎదుటి జట్టు 21 ఔట్లనూ స్ట్రైకవుట్లుగానే తీసిన పిచర్ ఆమె. 2023కు మిషిగన్ నుంచి అలెక్స్ స్టొరాకో, 2024కు ప్రత్యర్థి ఇల్లయిన ఓక్లహోమా స్టేట్ నుంచి కెల్లీ మాక్స్‌వెల్, 2025కు లూయిసియానా నుంచి శామ్ లాండ్రీ. విత్తనం నుంచి వచ్చిన వాళ్లూ లేకపోలేదు. నెబ్రాస్కా అమ్మాయి జోర్డీ బాల్ 2022లో నేరుగా చేరింది, ఆ సీజన్ చివర చేయి నొప్పితో పక్కన కూర్చుంది. టైటిల్ వేటలో ఉన్న జట్టు తన మెరుపు పిచర్‌ను కీలక వారాల్లో కూర్చోబెట్టి, ట్రాట్‌వైన్‌తో నడిపి, గెలిచింది. 2023లో అదే బాల్ ప్రపంచ సిరీస్‌లో 24.2 (అంటే ఇరవై నాలుగూ, మూడింట రెండు వంతులూ) ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేసింది. ఆ ఏడాది జట్టు లెక్క 61 గెలుపులు, ఒక ఓటమి. ట్రోఫీ అందుకున్న కొద్ది రోజులకే ఆమె నెబ్రాస్కాకు వెళ్లిపోయింది. నాటిన మొక్కను పక్క పొలం వాళ్లు పెరికి తీసుకుపోవడం కూడా ఈ కాలపు వ్యవసాయంలో భాగమే. మరుసటి ఏడు మాక్స్‌వెల్ అత్యుత్తమ క్రీడాకారిణి.

ఒక పిచర్‌కు బదులు ముగ్గురెందుకు అంటే, అలసట ఒక్కటే కారణం కాదు. ఒకే ఆటలో ఒక పిచర్‌ను బ్యాటర్ మూడోసారి ఎదుర్కొనేటప్పటికి బంతి ఎక్కడ వదులుతుందో, ఏది ఎప్పుడు వేస్తుందో కంటికి అలవాటవుతుంది. పైకి లేచే బంతి వేసే పిచర్ తర్వాత కిందికి జారే బంతి వేసే పిచర్‌నో, కుడి చేతి తర్వాత ఎడమ చేతినో పంపితే ఆ అలవాటు చెరిగిపోతుంది.

ఇక్కడ చిన్న పక్కదారి. 'రైజ్ బాల్' నిజంగా పైకి లేస్తుందా అని మా దగ్గరికి వచ్చే తండ్రులు (ఎక్కువ మంది ఇంజినీర్లు) తప్పకుండా అడుగుతారు. 0.39 సెకనులో గురుత్వం బంతిని సుమారు 29 అంగుళాలు కిందికి లాగుతుంది. బంతి తుంటి ఎత్తు నుంచి పైకి వాలుగా బయలుదేరుతుంది, వెనక్కి తిరిగే స్పిన్ ఆ పతనాన్ని తగ్గిస్తుంది. బ్యాటర్ అనుకున్న చోటు కంటే పైన చేరుతుంది కాబట్టి 'లేచింది' అంటాం. స్పిన్ కొలిచే యంత్రాలు వచ్చాక తెలిసిన చేదు నిజం ఏమిటంటే, రైజ్ బాల్ వేస్తున్నామనుకునే పిల్లల్లో చాలామంది బంతి తుపాకీ గుండులా అక్షం మీద తిరుగుతోంది, అంతే. ఆ తెర తల్లిదండ్రులకు చూపించిన రోజు నాకు ఫీజు బకాయి పడుతుంది.

నా చేతిలో చెడిపోయిన కేసు

రోచా నుంచి నేను నేర్చుకున్నది ఏమిటో చెప్పాలంటే నా పొరపాటు ముందు చెప్పాలి.

నేను జీతం లేకుండా పనిచేసిన ఆ చిన్న కాలేజీకి రెండో ఏడు వేరే కాలేజీ నుంచి ఒక పిచర్ వచ్చింది. ఆమె చేయి హలో ఎల్బో పాఠశాలది. మోచేయి ముఖం దాకా లేచేది. అయినా ఆమె చేంజప్ (వేగంగా వేసినట్టే విసిరి నెమ్మదిగా పంపే బంతి) అద్భుతం. బ్యాటర్లు గాలిలో ఊడ్చేవాళ్లు. నాకు అప్పుడు ముప్పై ఏళ్లు కూడా లేవు, సరైన సిద్ధాంతం దొరికిందన్న ఉత్సాహం మాత్రం నిండుగా ఉంది. ఆగస్టులో ఆమె ముగింపును విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. సెప్టెంబరులో వేగం మూడు మైళ్లు తగ్గింది. పరవాలేదు, తగ్గి పెరుగుతుంది అన్నాను. అక్టోబరులో చేంజప్ పోయింది. ఆమె చేతికి ఆ బంతి పాత ముగింపుతోనే ముడిపడి ఉందని నాకు తట్టలేదు. సీజన్‌కు ముందు పాతదానికి తిరిగి వెళదామంటే అదీ రాలేదు. మార్చిలో మొదటి పిచర్‌కు నడుం పట్టేసింది. ఆ భారమంతా ఈ అమ్మాయి మీద పడితే ఒక వారాంతంలో మూడు ఆటలు వేయించాం. వద్దని నేను అనలేదు. భుజం ముందు భాగం నొప్పి అని చెప్పడానికి ఆమె నా దగ్గరికి రాలేదు, ఫిజియో దగ్గరికి వెళ్లింది. నన్ను బాధించింది అదే. ఆ మే నెలతో ఆమె ఆట మానేసింది.

నారుమడిలో చేయాల్సిన పని నాట్ల వేళ చేశాను. నాలుగేళ్లు ఉండే పిల్ల చేతిని విప్పి కట్టడానికి సమయం ఉంటుంది. ఒక్క సీజన్ కోసం వచ్చిన పిల్ల చేతిలో ఉన్నదాన్ని కాపాడి, దానికి సరిపడే స్థలం వెతకాలి: ఎవరికి వేయాలి, ఎన్ని వేయాలి, ఏ ఇన్నింగ్స్‌లో, ఎవరి తర్వాత. మాక్స్‌వెల్, స్టొరాకో లాంటి వాళ్ల బంతులు ఓక్లహోమా రాకముందు, వచ్చాక వీడియోల్లో పక్కపక్కన పెట్టి చూశాను. బయటి నుంచి చూసేవాళ్ల అంచనా అని ఒప్పుకుంటూనే చెబుతున్నాను, చేతి వృత్తంలో నాకు పెద్ద తేడా కనపడలేదు. వాళ్లను వాడిన తీరులో కనపడింది.

కోచ్ వాటా ఎంత

ఆ తండ్రి ఇంజినీరు కాబట్టి ఈ ప్రశ్న వేస్తారని తెలుసు. ఓక్లహోమా 2021లో 161 హోమ్ రన్లు కొట్టింది, అప్పటికి అది కాలేజీ రికార్డు. జట్టులో జోసెలిన్ ఆలో ఉంది, కెరీర్‌లో 122 కొట్టిన మనిషి. అలాంటి బ్యాటింగ్ వెనక ఉంటే పిచర్ రెండు పరుగులు ఇచ్చినా నిద్ర పడుతుంది. పైగా దేశంలో ఏ పిచర్‌ను అడిగినా రావడానికి సిద్ధపడే కాలేజీ అది. ముగ్గురు మొదటి స్థాయి పిచర్లను ఒకే జట్టులో ఉంచగలగడమే ఒక సంపద. నేను పనిచేసిన కాలేజీలో రెండో పిచర్ దొరికితే పండగ చేసుకునేవాళ్లం. పంచడానికి చేతులుంటేనే కదా పంచేది.

కాబట్టి ఆరు టైటిళ్లనూ రోచా ఖాతాలో వేయను. ఆమె ఖాతాలో నమ్మకంగా వేయగలిగినది ఒకటుంది: ఫ్లోరిడాలో రోజర్స్, హేగర్‌లతో అలవాటైన పంపకం ఓక్లహోమాలో పోర్టల్ కాలానికి అచ్చంగా పనికొచ్చింది. ఆమె కొత్త కాలానికి మారలేదు, కాలమే ఆమె పద్ధతి దగ్గరికి వచ్చింది.

ఎదుటి పక్షం కూడా బలమైనదే. 2025లో కెనడీ ఒక్క చేతితో టెక్సస్ టెక్‌ను ఫైనల్ మూడో ఆట దాకా మోసింది. దారిలో సెమీఫైనల్లో రోచా జట్టునే 3-2తో ఇంటికి పంపింది, వరుస టైటిళ్లు అక్కడ ఆగాయి. స్టాన్‌ఫర్డ్ నుంచి ఆమెను రప్పించడానికి పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం ఇచ్చారు. అంత ఇచ్చిన చేతిని పక్కన కూర్చోబెట్టమని సహాయక కోచ్ చెప్పగలదా? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఆ అమ్మాయికి మాత్రం ముందే వినిపించాను.

తండ్రికి, కూతురికి చెప్పినది

జీతం సంగతి ఆయనకు విడిగా చెప్పాను. నా రోజుల్లో హెడ్ కోచ్ కాక ఇద్దరికే జీతం, నాలుగో మనిషి 'వాలంటీర్'. ఆ నాలుగో మనిషి చాలా చోట్ల పిచర్లను చూసుకునేది, అద్దె కోసం సాయంత్రాలు ప్రైవేటు పాఠాలు చెప్పేది. 2023 జులై 1 నుంచి పై డివిజన్‌లో ఆ వాలంటీర్ హోదాను ఎత్తేశారు, ఇప్పుడు ముగ్గురు సహాయకులకూ జీతం ఇవ్వచ్చు. ఇవ్వచ్చు అంటే ఇస్తారని కాదు. చిన్న కాలేజీల్లో పరిస్థితి పెద్దగా మారలేదు. పెద్ద కాలేజీలో మంచి పిచింగ్ కోచ్‌కు దొరికే జీతం చూసి మురిసిపోయేవాళ్లకు అక్కడికి చేరడానికి పట్టే ఏళ్లు కనపడవు. ఏడాదికి 56 దాకా ఆటలు, బస్సులో నిద్ర, వేసవంతా పదిహేనేళ్ల పిల్లల టోర్నమెంట్లలో గొడుగు కింద కూర్చుని వెతుకులాట. పదకొండో తరగతి సెప్టెంబరు 1కి ముందు వాళ్లతో మాట్లాడకూడదు, చూడవచ్చు.

అమ్మాయిని మూడు రోజులు నా దగ్గర పని చేయించాను. పన్నెండేళ్ల పిల్ల విసురుతుంటే ఏం చూస్తున్నావని అడిగాను. మొదటి రోజు చేతిని చూసింది, తప్పులు చెప్పింది, అన్నీ సరైనవే. రెండో రోజు కాళ్లను చూసింది. మూడో రోజు, "అక్కా, నలభై బంతుల తర్వాత ఆ పాప ప్రతి బంతికీ ముందు భుజం ఒకసారి ఆడిస్తోంది, ఆపేద్దామా?" అంది. వాళ్ల నాన్న బకెట్ మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నారు.

నా సిఫారసు ఒక పేజీ రాసి ఇచ్చాను. ఆ చోటు తీసుకోమన్నాను, రెండేళ్ల గడువు పెట్టుకోమన్నాను. చేరేముందు హెడ్ కోచ్‌ను ఒక్కటే ప్రశ్న అడగమన్నాను: పిచర్‌ను ఆపమని నేను చెబితే, వినాల్సిన మనిషి ఎవరు?

తర్వాత

ఆగస్టులో చేరింది. పిచర్లు నలుగురు, అందులో ఇద్దరు బయటి నుంచి వచ్చినవాళ్లు. శరదృతువంతా ఎవరి చేతి ముగింపూ మార్చలేదని, బంతుల లెక్క మాత్రం వార్మప్‌తో సహా రాస్తోందని చెప్పింది. నేను వార్మప్ బంతులు ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఫిబ్రవరిలో మొదటి టోర్నమెంటు మూడో రోజున, ముందు రోజు 110 బంతులు దాటి వేసిన పిచర్‌ను ఆపమని చెప్పింది. హెడ్ కోచ్ విన్నారు. ఆ ఆట ఓడారు. తర్వాతి వారం ఇంకో పిచర్ విషయంలో అదే చెబితే వినలేదు, ఆ ఆట గెలిచారు. ఈ రెండూ కలిపి చూసి తన పద్ధతి తప్పా అని రాత్రి పదకొండింటికి నాకు ఫోను చేసింది. సీజన్ అయ్యాక ఆ ఇద్దరి భుజాలనూ ఫిజియో దగ్గర పరీక్ష చేయించమన్నాను.

అద్దెలో సగం ఇంకా నాన్నే పంపుతున్నారు.